రూతమ్మ చీకటి గదిలో ఉన్న ముప్పై ఎనిమిది రోజులు

నేను డ్రిల్లు మాస్టర్ని. మలక్‌పేట దగ్గర ఒక మిషన్ స్కూల్లో పదకొండేళ్లుగా పిల్లల్ని వరసల్లో నిలబెడుతున్నాను. మైదానం ఈ చివర నిలబడి నేను పిలిస్తే ఆ చివర ఉన్నవాడికి మైకు లేకుండానే వినబడుతుంది. అలాంటివాణ్ణి, మొన్న ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు "దావీదు, నీ భార్య ఎట్ల బతికిందో లేచి రెండు మాటలు సాక్ష్యం చెప్పు" అంటే, లేచి నిలబడి, ఒక్క మాటా పెగలక కూర్చుండిపోయాను. అది రెండు మాటల్లో అయ్యేది కాదు. అందుకే రాస్తున్నాను. రాసుకుంటే నాకూ కాస్త కుదురుగా ఉంటుంది. చదివినవాళ్లలో ఒక్కరైనా, కాలికి తుప్పు ఇనుము గుచ్చుకున్న రోజునే వెళ్లి సూది వేయించుకుంటే ఈ శ్రమ దండగ కాదు.

ఇది పోయినేడాది ఎండాకాలం సంగతి. తెలంగాణ ఉద్యమం మంచి జోరు మీద ఉంది. స్కూళ్లు, కాలేజీలు మూతబడ్డాయి. బస్సు నడిచిన రోజుకన్నా నడవని రోజులే ఎక్కువ. నేనూ చొక్కాకు నల్ల బ్యాడ్జీ పెట్టుకుని రెండు మూడు ఊరేగింపుల్లో నడిచినవాణ్ణే. మా చిన్నాయన కొడుకు చదువుకుని నాలుగేళ్లుగా ఖాళీగా ఉన్నాడు. మా కొలువులు మాకు రావాలని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో విజయవాడ రోడ్డుకు కొంచెం లోపలగా, ఒక ద్రాక్షతోట అంచున మాకు కిరాయి ఇల్లు. నేను, రూతమ్మ, ఐదేళ్ల మా కూతురు ఎస్తేరు. కోత రోజుల్లో రూతమ్మ తోటలో గుత్తులు కోసి గంపల్లో సర్దే పనికి వెళ్లేది. ఒక సాయంత్రం గాలివానకు పందిరి ఒక మూల కూలింది. మర్నాడు నలుగురు ఆడవాళ్లు దాన్ని ఎత్తి సర్దుతుంటే తుప్పు పట్టిన తీగముక్క రూతమ్మ మడమలో దిగబడింది. ఆమే నవ్వుతూ పీకి పారేసింది. ఇంటికొచ్చి పసుపు, ఆముదం పెట్టి గుడ్డ కట్టుకుంది. నాలుగు రోజుల్లో పుండు మానినట్టే కనిపించింది. నేనైతే మరిచేపోయాను.

తీగ గుచ్చుకున్న తొమ్మిదో రోజు పొద్దున అన్నం ముద్ద నోటిదాకా తీసుకెళ్లి ఆపేసింది.

"నోరు తెర్వొస్తలేదు," అంది పళ్లు బిగించే. "దవడ పన్ను లేస్తున్నదో ఏమో."

ఉప్పునీళ్లు పుక్కిలించమన్నాను. మధ్యాహ్నానికి మెడ పట్టేసిందంది. మర్నాడు పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి గోడకు ఆనుకుని కూర్చుని నవ్వుతోంది. కనుబొమలు పైకి లేచి ఉన్నాయి, పెదవులు రెండు పక్కలకూ సాగి ఉన్నాయి.

"ఏంది, పొద్దుగాల్నే నవ్వుతున్నవ్?" అన్నాను నేనూ నవ్వుతూ.

ఆమె కళ్లలోంచి నీళ్లు కారాయి. నవ్వు మాత్రం అట్లాగే ఉంది. అది నవ్వు కాదని అప్పుడు అర్థమైంది. 

వీధి చివర ఉండే కాంపౌండరు వచ్చి, ఆమె మడమ చూసి, నన్ను బయటికి పిలిచాడు. "ధనుర్వాతం. ఒక్క నిమిషం గూడ ఆగకున్రి. మూసీ అవతల పెద్ద దవాఖానకు తీస్కపోన్రి," అన్నాడు. ఆ రోజు బంద్. రిక్షావాడు కూడా లేడు. తోటలో ద్రాక్ష గంపలు మోసే ఎడ్లబండి ఉంది. బండి తోలే జంగయ్య దాని నిండా గడ్డి పరిచాడు. రూతమ్మను పడుకోబెట్టి బయల్దేరాం. గతుకు వచ్చిన ప్రతిసారీ ఆమె ఒళ్లు విల్లులా వంగి లేచేది. మడమలూ తలా మాత్రమే గడ్డికి ఆనేవి. మూసారాంబాగ్ దాటే వరకు జంగయ్య బండి దిగి, ఎడ్ల ముందు నడుస్తూ, రాయి కనబడ్డ చోటల్లా వంగి ఏరి పక్కన పారేస్తూ వచ్చాడు. ఇన్నాళ్లూ ఆ మనిషితో నేను పట్టుమని పది మాటలు మాట్లాడలేదు.

మొదటి వారం

ఆ గదిలో ఆరు మంచాలు. కిటికీలకు నల్ల గుడ్డలు కట్టారు. తలుపు మడతబందులకు కొబ్బరినూనె రాశారు, కిర్రుమనకుండా. ఈ జబ్బు ఉన్నవాళ్లకు వెలుతురు పడ్డా, చప్పుడైనా, ఎవరైనా చటుక్కున ముట్టుకున్నా ఒళ్లంతా బిగుసుకుని ఊపిరి ఆగిపోతుంది. అందుకని చీకటిలో, నిశ్శబ్దంగా, మత్తుమందు మీద ఉంచుతారు. జబ్బు తనంతట తాను సడలేవరకు మనిషిని నిలబెట్టుకోవడమే వైద్యం.

ఆ గదికి యజమానురాలు సుభద్ర సిస్టర్. నలభై ఏళ్లుంటాయి. తెనాలి దగ్గరి పల్లెటూరి మనిషి. మొదటి రోజే నన్ను వరండాలోకి తీసుకెళ్లి పైనుంచి కిందికి చూసింది.

"మీరేం చేస్తుంటారు మాస్టారూ?"

"డ్రిల్లు మాస్టర్ని, సిస్టరమ్మా."

"ఆ గొంతు చూసే అనుకున్నాను. దాన్ని ఈ గుమ్మం బయట వదిలేసి లోపలికి రండి. చెప్పులు కూడా. గాజులున్న ఆడవాళ్లను రానివ్వను. దగ్గొస్తే బయటికి పరుగెత్తండి. మీ ఆవిడ నాకు బతికి కావాలి, తెలిసిందా?"

"తెలిసింది," అన్నాను. నా జీవితంలో అంత మెల్లగా మాట్లాడింది అదే మొదలు.

ఎస్తేరును బడంగ్‌పేట్‌లో మా అక్క మార్తమ్మ ఇంట్లో వదిలాను. రోజూ వరండాలో బల్ల మీద కూర్చోవడం, లోపలికి పిలిస్తే వెళ్లడం, ఇదే పని. నాలాంటి వాళ్లు ఇంకా ఐదుగురు. నల్గొండ నుంచి ఒక ముసలాయన, కొడుకు కోసం. బీబీనగర్ నుంచి ఒకామె, భర్త కోసం. ఎవరి మనిషి ఎట్లా ఉన్నాడని ఎవరూ అడగం. గదిలోంచి వచ్చినవాడి ముఖం చూస్తే తెలిసిపోతుంది. ఆయా యాదమ్మ అందరికీ ఒకటే చెప్పేది, "కూసోన్రి సారూ. కూసుంటె గూడ పనే."

నాకు కూర్చోవడం చేతకాదు. నిలబడి, నిలబెట్టి బతికినవాణ్ణి. మొదటి వారం నాకు భయంకన్నా కోపమే ఎక్కువ. పసుపు పెట్టి ఊరుకున్నందుకు నా మీద, తీగ పీకి పారేసి నవ్వినందుకు రూతమ్మ మీద.

తొమ్మిదో రోజు

బట్టలు తెచ్చుకుందామని పొద్దున్నే ఇంటికి వెళ్లి సైకిల్ మీద తిరిగి వస్తున్నాను. ఆ రోజూ బస్సుల్లేవు. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద తెల్లచీరలో సుభద్ర సిస్టర్ నడిచి పోతూ కనిపించింది. చేతిలో టిఫిన్ డబ్బా. ఆమె ఇల్లూ మా వైపే అని అప్పుడే తెలిసింది. సైకిల్ దిగి పక్కన నడిచాను.

"మా ఆయన పిల్లల్ని తీసుకుని నిన్న తెనాలి వెళ్లారు," అంది. "మా వీధిలో ఒక ఆంధ్రావాళ్ల ఇంటి మీద రాళ్లేశారు. నన్నూ రమ్మన్నారు. వస్తే ఈ ఆరుగురినీ ఎవరు చూస్తారండీ?"

 నా చొక్కాకు నల్ల బ్యాడ్జీ ఉంది. ఆమె దాన్ని చూసింది, చూడనట్టే నడిచింది.

మూసారాంబాగ్ వంతెన మీద అడ్డంగా మంచాలు, టైర్లు వేసి ఇరవై ముప్పై మంది కుర్రాళ్లున్నారు. వాళ్లు కనబడగానే ఆమెకు మెల్లగా చెప్పాను, "సిస్టరమ్మా, మీరు నోరు తెర్వకున్రి. మీ మాట వింటే తెలిసిపోతది. నేను మాట్లాడుత."

ఒకడు నా సైకిల్ హాండిల్ పట్టుకున్నాడు. "యాడికి?"

"దవాఖానకు. నా భార్య ఆడ ఉన్నది."

"గామె ఎవరు?"

"మా అక్క," అన్నాను. అబద్ధం చాలా తేలిగ్గా వచ్చింది.

వాడు ఆమెవైపు తిరిగాడు. "ఏ ఊరక్కా మీది?"

ఆమె నావైపు చూడను కూడా చూడలేదు. "మాది తెనాలి దగ్గర బాబూ. నేను ఈయన అక్కను కాదు. ఈయన భార్య నా పేషెంటు. తొమ్మిదింటికి ఇంజెక్షన్లు ఇవ్వాలి, ఇప్పుడే ఎనిమిది దాటింది."

చుట్టూ గుమిగూడారు. ఎవరో వెనకనుంచి "నాన్ ముల్కీ! ఆంధ్రకు తోలున్రి!" అని అరిచారు. ఇంకెవడో నా సైకిల్‌ను తన్నాడు.  ఆమె భయపడిందో లేదో నాకు తెలియదు. టిఫిన్ డబ్బా పట్టుకున్న వేళ్లు మాత్రం తెల్లగా పాలిపోయాయి.

"మీకు ఉద్యోగాలు కావాలి, అడగండి. నేనెందుకు కాదంటాను?" అంది. "నా గదిలో ఆరుగురు ధనుర్వాతం వాళ్లున్నారు. ఐదుగురు మీ జిల్లాల వాళ్లే. గిన్నె చప్పుడైనా ప్రాణం పోయే మనుషులు. మీ ఊరేగింపులు మా గేటు ముందునుంచే పోతున్నాయి. మీరు నినాదాలిస్తుంటే లోపల నేను వాళ్ల చెవులు మూసి పట్టుకుంటున్నాను. నాకున్నవి రెండు చేతులు. ఎవరివని మూయను?"

 అప్పుడు మంచం మీద కూర్చున్న ఒక పొడుగు కుర్రాడు లేచి వచ్చాడు. నర్సింహ. ఐదేళ్ల క్రితం మా స్కూల్లో నా దగ్గర డ్రిల్లు చేసినవాడు, ఇప్పుడు కాలేజీలో ఉన్నాడు.

"సార్... మేడమ్‌కేమైంది?" అన్నాడు. చెప్పాను. వాడు తల వంచుకుని విని, టైరు పక్కకు జరిపాడు. "పోనియ్యిర్రి," అన్నాడు వెనక్కి తిరిగి. "రేపటి సంది సిస్టరమ్మ ఎన్నడు ఒచ్చినా పోనియ్యిర్రి."

వంతెన దిగాక చాలాసేపు నేను తల ఎత్తలేదు. ఆమే అంది, "నన్ను కాపాడదామనే కదా చెప్పారు. పోనివ్వండి. కాకపోతే నాకు మా ఊరు దాచుకోవడం అలవాటు లేదు మాస్టారూ."

మూడు రోజుల తర్వాత పెద్ద ఊరేగింపు వచ్చింది. దూరాన కేకలు వినిపించగానే వరండాలో మేమంతా లేచి నిలబడ్డాం. గేటు దగ్గరికి వచ్చేసరికి కేకలు ఆగిపోయాయి. అన్ని వందల మంది, ఒట్టి కాళ్ల చప్పుడుతో నడిచి పోయారు. ముందు నర్సింహ రెండు చేతులూ పైకెత్తి, అందరివైపు తిరిగి, వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. మలుపు తిరిగాక మళ్లీ కేకలు మొదలయ్యాయి. యాదమ్మ ముక్కు చీది, "మన పోరగాండ్లే," అంది.

పదమూడో రోజు

అన్ని వందల మంది చేయని చప్పుడు మా అక్క చేసింది.

రూతమ్మ కాస్త నయంగా ఉందని సిస్టర్ అక్కను ఐదు నిమిషాలు లోపలికి రానిచ్చింది. అక్క గాజులు తీసి కొంగున కట్టుకుని, వేళ్ల మీద నడిచి వచ్చింది. చీకట్లో కనబడక స్టూలుకు తగిలింది. దాని మీది ఇత్తడి గ్లాసు సిమెంటు నేల మీద పడి దొర్లింది.

ఆ బిగుసుకోవడం ఎంతసేపో నాకు తెలియదు. రూతమ్మ ముఖం నల్లబడింది. మంచం ఇనుప కాళ్లు కదిలాయి. సిస్టర్, డాక్టరు వచ్చి నన్ను బయటికి నెట్టారు. గంట తర్వాత డాక్టరు వచ్చి, గొంతు కింద చిన్న కోత పెట్టి గాలికోసం గొట్టం అమర్చామని, ఇక ఊపిరి అక్కడినుంచేనని చెప్పాడు.

అక్క గోడవైపు తిరిగి నిలబడి ఉంది. నేను ఒక మాట అన్నాను. అనకుండా ఉండాల్సింది. "నువ్వెందుకొచ్చినవే అసలు?" అన్నాను. ఆమె వెళ్లిపోయింది. బడంగ్‌పేట్ దాకా ఆ ఎండలో నడిచే వెళ్లిందట.

పదిహేనో రోజు

జ్వరం తగ్గలేదు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందని డాక్టరు చెప్పాడు. "దగ్గరివాళ్లెవరైనా ఉంటే పిలిపించుకోండి," అన్నాడు. నాకన్నా చిన్నవాడు. ఆ మాట అంటున్నప్పుడు నా మొహంలోకి చూడలేకపోయాడు పాపం.

జనగామ దగ్గరి ఊరినుంచి మా అత్త సాలమ్మ వచ్చింది. కబురు పంపితే అక్క కూడా మళ్లీ వచ్చింది. ఒక్కసారి చూసుకోండని సిస్టర్ ముగ్గుర్నీ లోపలికి పంపింది. రూతమ్మ కళ్లు మూసుకుని ఉంది. మత్తులో ఉందనే నేననుకున్నాను. గొంతులో గొట్టం గురగురమంటోంది. మంచం కాళ్ల దగ్గర నిలబడి అత్త నా చెవిలో గుసగుసగా అంది, "బిడ్డను ఈ పట్నంల పెట్టకు అయ్యా. ఊర్ల మా ఆయన పక్కన జాగ ఉన్నది. బంద్‌లల్ల బండి దొరుకుతదో లేదో. ఇప్పుడే కబురు పెడితే బొంద తోడి పెడతరు."

 నేను అన్నాను, "సరే. కబురు పెట్టు."

బతికున్న మనిషికి గొయ్యి తవ్వించే ఆ మాట నేనే అన్నాను. ఎవరూ నా చేత బలవంతంగా అనిపించలేదు. నాకు అప్పటికి బలం అయిపోయింది. ఎవరో ఒకరు ఏదో ఒకటి తేలిస్తే చాలనిపించింది. ఇది దాచి మిగతాదంతా రాస్తే ఈ రాతకు అర్థం లేదు.

పదహారో రోజు నుంచి పద్దెనిమిదో రోజు వరకు

మర్నాడు కర్ఫ్యూ పెట్టారు. ఊరినుంచి ఎవరూ రాలేరు, ఊరికి ఎవరూ పోలేరు. అత్త పెట్టబోయిన కబురు అక్కడే ఆగిపోయింది. అత్తా అక్కా వరండాలోనే చిక్కుకుపోయారు; ఎస్తేరు బడంగ్‌పేట్‌లో బావ దగ్గర ఉంది. పగటి డ్యూటీకి రావాల్సిన నర్సులిద్దరూ రాలేదు. ఉన్నది సుభద్ర సిస్టర్, యాదమ్మ, పొరుగు వార్డులన్నీ తిరుగుతున్న ఒక్క డాక్టరు.

సిస్టర్ నన్ను గదిలోకి పిలిచింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మాస్టారూ, ఈ గొట్టంలో కఫం చేరుతుంటుంది. తీస్తూ ఉండకపోతే ఊపిరాడదు. ఇంకో ఇద్దరికి కూడా ఇట్లాగే ఉంది. నేను ఒక్కదాన్నే ముగ్గురికీ తీయలేను. మీరు నేర్చుకోవాలి."

"నాతోని గాదు సిస్టరమ్మా. నా చేతులు వణుకుతయ్."

"వణకనివ్వండి, నేను పట్టుకుంటాను. చూడండి. ఈ సన్నగొట్టం లోపలికి పెట్టేముందు మీరు ఊపిరి బిగబట్టండి. తీసేదాకా వదలొద్దు. మీకు ఎప్పుడు గాలి కావాలనిపిస్తుందో ఆమెకూ అప్పుడే కావాలి. అంతకు మించి ఒక్క క్షణం ఉంచకూడదు. అదే లెక్క."

యాదమ్మ కఫం లాగే మిషను కాలితో తొక్కింది. దాని కింద పాత గోనెసంచులు మడిచి వేశారు, చప్పుడు రాకుండా. మొదటిసారి సిస్టర్ నా మణికట్టు పట్టుకుంది. రెండోసారి వేలు మాత్రం ఆనించింది. మూడోసారి పక్క మంచానికి వెళ్లిపోయింది.

ఆ మూడు రోజులూ నేను రూతమ్మ ఊపిరి నా రొమ్ములో లెక్కపెట్టుకున్నాను. ఊపిరి బిగబట్టడం, తీయడం, వదలడం. ఇద్దరం ఒకేసారి వదిలేవాళ్లం. కూర్చోలేనివాడికి పని దొరికింది. భయం ఎటు పోయిందో తెలియదు, దానికి నా దగ్గర సందు లేదు. అత్త వరండాలో మోకరించి ఉండేది. అక్క మాత్రం యాదమ్మ వద్దన్నా వినకుండా గుడ్డలన్నీ ఉతికి ఆరేసింది, మిషను తొక్కడం నేర్చుకుంది. రెండో రోజునుంచి నా ఎదురుగా నేల మీద కూర్చుని తొక్కింది కూడా. నేను తల ఊపితే తొక్కేది, మళ్లీ ఊపితే ఆపేది. నేనన్న మాట గురించి మేమిద్దరం మాట్లాడుకోలేదు. అవసరం పడలేదు.

రోగులకు ముక్కు గొట్టంలోంచి పోయడానికి పాలు కావాలి. దవాఖాన వెనక సందులో ఒక చాయ్ హోటల్ ఉంది. మూసి ఉన్న ఆ హోటల్ ముసలి సేట్, పోలీసుల కళ్లు గప్పి, వెనక గోడ మీదుగా రోజూ రెండు పూటలా పాల డబ్బా అందించాడు. ఎవరి కోసమని అడగలేదు. "బీమార్ లోగాఁ హై నా, లేలో," అనేవాడు, రోగులున్నారు కదా తీసుకొమ్మని, అంతే.

పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం సిస్టర్ రూతమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. తర్వాత నా చెయ్యి లాగి అక్కడ పెట్టింది. చెమట. జ్వరం దిగుతోంది.

ఆ తర్వాత

అక్కడినుంచి గుట్ట దిగినట్టే. ఎక్కడానికి పట్టినంతసేపు దిగడానికీ పట్టింది. రోజుకు ఇరవైసార్లు బిగుసుకునేది పదికి వచ్చింది, తర్వాత రెండుకు వచ్చింది. గొంతు గొట్టం తీసేశారు. కిటికీ గుడ్డ ఒక మూల విప్పి, అరచేతి వెడల్పు వెలుతురు రానిచ్చారు. బీబీనగర్ ఆమె భర్త దక్కలేదు. నల్గొండ ముసలాయన కొడుకు దక్కాడు. ఎందుకు ఒకరు, ఎందుకు మరొకరు అని పాస్టరుగారిని అడిగాను. ఆయనకూ తెలియదన్నారు. ఆ జవాబుతో నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

రూతమ్మ మొదటి మాట గాలి కలిసిన గొంతుతో వచ్చింది. "ఎస్తేరు తింటున్నదా?"

"తింటున్నది."

"అబద్ధం. నువ్వు లేకపోతే అది తినదు," అని కళ్లు మూసుకుంది.

ముప్పై ఎనిమిదో రోజు రిక్షాలో ఇంటికి తెచ్చాను. ఒళ్లు సగమైంది. నిలబడితే మోకాళ్లు మడతపడేవి. రోజూ పొద్దున తోట గట్టు మీద ఆమె చెయ్యి పట్టుకుని నడిపించేవాణ్ణి. నాకు తెలియకుండానే "లెఫ్ట్, రైట్" అనేవాణ్ణి. "నేను నీ స్కూల్ పిల్లనా? నోరు మూసుకుని నడువు," అనేది. ఆమె కసిరినప్పుడల్లా నాకు కడుపు నిండినట్టుండేది.

అట్లా నడుస్తుండగా ఒక రోజు గట్టు మీద కూర్చుని, రూతమ్మ నేలవైపు చూస్తూ అడిగింది.

"బొంద తోడినరా?"

"ఏం బొంద?"

"ఊర్ల. మా నాయన పక్కన. మా అవ్వ అడిగితే సరే అన్నవ్ గదా."

 "నువ్వు... మత్తుల ఉంటివి గదా?"

"ఒళ్లు కదల్లేదు గని చెవులు చెవుల్లెక్కనే ఉన్నయ్. గ్లాసు పడ్డది తెలుసు. డాక్టరు అన్నది తెలుసు. నువ్వన్నది గూడ తెలుసు. కండ్లు తెర్వొస్తలేవు, చెయ్యి లేస్తలేదు. లోపల ఎంత ఒర్లిననో. 'నేనింక పోలేదు, ఏం మనిషివయ్యా నువ్వు' అని. మూడు దినాలు నీ మీద కోపంతోనే బతికిన. ఎట్లనన్న లేసి నిన్ను ఒక్క మాట అనాలె అనుకున్న."

"అను మరి," అన్నాను. 

ఆమె గొంతు మీది మచ్చ తడుముకుంది. "రోజుకు ఎన్నిసార్లో నా గొంతు కాడ నీ ఊపిరి తగిలేది," అంది. "బిగబట్టుడు, వదులుడు. నీ సుట్ట వాసన. అది గూడ తెలిసింది. అందుకే ఇప్పటిదాక అనలేదు. గాని మళ్ల ఎవ్వలి మంచం కాడ గట్ల మాట్లాడకు."

ఇదే నేను అందరికీ చెప్పదల్చుకున్నది. కళ్లు మూసుకున్న మనిషి దగ్గర మాట జాగ్రత్త. నాకు క్షమాపణ దొరికింది. అందరికీ దొరికే వీలుండదు.

వానాకాలం చివర స్కూళ్లు తెరిచారు. సుభద్ర సిస్టర్ పిల్లలు తెనాలినుంచి తిరిగొచ్చారు. ఒక మధ్యాహ్నం యాదమ్మ మా ఇంటికి వచ్చింది. గడ్డిఅన్నారంనుంచి ఒక కొత్త కోడలిని తెచ్చారట, కాన్పయిన పదో రోజు ధనుర్వాతం వచ్చిందట. పసిబిడ్డ అత్త దగ్గర బాగానే ఉందట. భర్త వరండాలో తల బాదుకుంటున్నాడట. "సిస్టరమ్మ మిమ్మల్ని జర రమ్మన్నది సారూ. ఆ పిలగాడు ఎవ్వల మాట ఇంటలేడు. మీరు చెప్తే ఇంటడేమోనని."

నేను చొక్కా వేసుకుంటుంటే రూతమ్మ గోడ పట్టుకుని లేచింది.

"నువ్వెందుకు? నడవలేవు గదా."

"రిక్షా పిలువు. పిలగానితోని నువ్వు మాట్లాడు. నాకు లోపల పనున్నది."

దవాఖానలో సుభద్ర సిస్టర్ రూతమ్మను చూసి, గాజులు తీయమని చెయ్యి చాపింది. రూతమ్మ తీసి ఇచ్చింది, చెప్పులు గుమ్మం దగ్గర విడిచింది. నేను వరండాలో ఆ కుర్రాడి భుజం మీద చెయ్యి వేసి, తెరిచి ఉన్న తలుపు సందులోంచి చూశాను. చీకట్లో తడుముకుంటూ రూతమ్మ మూడో మంచం దగ్గరికి వెళ్లింది. స్టూలు చప్పుడు కాకుండా పైకెత్తి పెట్టుకుని కూర్చుంది. ఆ పిల్ల కళ్లు మూసుకుని ఉంది. రూతమ్మ ఆమె చెవి దగ్గరగా వంగింది.

"బిడ్డా, నా పేరు రూతమ్మ," అంది, ఊపిరంత మెల్లగా. "నీకు అన్నీ వినబడ్తున్నయని నాకు ఎరికే. నీ బిడ్డ మంచిగున్నది, మీ అత్త దగ్గర పాలు తాగుతున్నది. నీ మొగుడు బయట ఏడుస్తున్నడు, మా ఆయన చూసుకుంటున్నడు. నువ్వేం జవాబియ్యకు. ఊకె వింటుండు. నేను ఈడనే కూసుంట."